తిరిగే పళ్లెం విలువ

‘పాత ఒక రోత, కొత్త ఒక వింత’ అని తెలుగువారి సామెత. యంత్రాల విషయంలో ఈ సామెత మరీ తొందరగా నిజమవుతుంది. ముచ్చటపడి కొనుక్కొన్న సెల్‌ఫోను నాలుగేళ్లకే పాతబడి ఆరేళ్లకు సొరుగులోకి చేరుతుంది. టేపురికార్డరు, వాక్‌మన్, వి.సి.ఆర్., సి.డి. ప్లేయరు ఒక్కొక్కటే ఒక తరానికి గర్వకారణమై, తరువాతి తరానికి పాత సామాన్ల వాని త్రాసులో తూకపు సరుకయ్యాయి. ఇటువంటి లోకంలో 1972లో పుట్టి, 1979లో స్థిరమైన రూపాన్ని పొంది, ఆ రూపంతోనే మూడు దశాబ్దాలపాటు తయారై, 2010లో ఆగిపోయి, 2016లో మళ్లీ ప్రాణం పోసుకొన్న యంత్రం ఒకటి ఉన్నది. జపాన్ దేశపు టెక్నిక్స్ ఎస్.ఎల్.-1200 అనే టర్న్‌టేబుల్ అది. ప్రపంచంలోని డీజేలు యాభై ఏళ్లుగా ఆదరించిన ఈ యంత్రాన్ని ఈ రోజున డబ్బు పోసి కొనడం వివేకమేనా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

తెలుగునాట డీజే అన్నమాటకు ఈ మధ్యకాలంలో అర్థం మారిపోయింది. పెళ్లి ఊరేగింపులోనో, వినాయక నిమజ్జనంలోనో లారీమీద గోడకట్టినట్లు పేర్చిన పెట్టెలనూ, వాటినుండి గుండెలదిరేటట్లు వెలువడే ధ్వనినీ జనం డీజే అంటున్నారు. ‘డీజే పెట్టించారు’ అన్నమాట వినబడినంతగా ‘డీజే వాయించాడు’ అన్నమాట వినబడదు. నిజానికి అది మనిషికి పేరు. డిస్క్ జాకీ అన్న రెండు ఆంగ్లపదాల తొలి అక్షరాలను కలిపి పలికితే డీజే అయింది. రికార్డులను ఎంపిక చేసి, ఒకదాని వెంట ఒకటి జోడించి, సభను ఆడించేవాడు డీజే. మనిషి పేరు పెట్టెలకు దక్కి, మనిషి కనుమరుగు కావడం విడ్డూరమే. ఆ మనిషి చేతికింద ఉండే పనిముట్టు టర్న్‌టేబుల్. కాబట్టి దాని విలువను నిర్ణయించాలంటే ముందుగా ఆ చెయ్యి ఏమి చేసిందో తెలుసుకోవాలి.

రికార్డు తిరగాలంటే దానికింద ఉన్న పళ్లెం తిరగాలి. పళ్లెం తిరగాలంటే మోటారు కావాలి. మొదటి నుండీ ఉన్న చిక్కు ఏమిటంటే మోటారు వేగంగా తిరుగుతుంది, రికార్డు మాత్రం నిమిషానికి ముప్పై మూడుంబావు చుట్ల పైచిలుకు మాత్రమే తిరగాలి. ఈ తేడాను సర్దడానికి పూర్వపు యంత్రాలలో మోటారుకూ పళ్లేనికీ నడుమ రబ్బరు చక్రాన్నిగాని రబ్బరు పట్టీనిగాని అమర్చేవారు. చక్రం అరిగితే గరగర. పట్టీ సాగితే పాట సాగుతుంది. జపాన్‌లోని మత్సుషితా సంస్థ ఇంజనీరు షుయిచి ఒబాటా ఈ నడిమి మధ్యవర్తిని తొలగించాడు. తగినంత నెమ్మదిగా, తగినంత బలంగా తిరిగే మోటారును రూపొందించి, దాని ఇరుసుమీదనే పళ్లేన్ని నిలిపాడు. 1970లో ఎస్.పి.-10 అన్న పేరుతో ఆ తరహా యంత్రం విపణిలోకి వచ్చింది. రెండేళ్లకు అదే సూత్రంమీద సాధారణ శ్రోతలకోసం చేసినది ఎస్.ఎల్.-1200. ఇంట్లో కూర్చుని ప్రశాంతంగా సంగీతం వినే గృహస్థునికోసమే తప్ప, అర్ధరాత్రి దాకా చిందులు వేసే నాట్యశాలల కోసం దానిని ఎవరూ ఉద్దేశించలేదు.

అదే సమయంలో భూగోళానికి అవతలివైపున న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో వేరొక కథ మొదలైంది. అది పేద ప్రాంతం. నల్లజాతివారు, పోర్టోరికో నుండి, కరీబియన్ దీవుల నుండి వలసవచ్చినవారు అక్కడ ఎక్కువగా ఉండేవారు. 1973 ఆగస్టు 11వ తేదీన, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు గల బహుళ అంతస్తుల భవనంలో ఒక బాలిక చిన్న వేడుక ఏర్పాటు చేసింది. బడులు తెరిచేలోగా కొత్త బట్టలకు నాలుగు డబ్బులు పోగుచేసుకోవాలన్నది ఆమె ఆలోచన. రికార్డులు వినిపించే బాధ్యతను అన్న క్లైవ్ కాంప్‌బెల్‌కు అప్పగించింది. జమైకాలో పుట్టిన ఆ యువకుడే తరువాత కూల్ హెర్క్ అన్న పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. పాటలో గానం ఆగిపోయి తాళవాద్యాలు మాత్రమే మోగే కొద్దిపాటి ఘట్టం రాగానే జనం ఉత్సాహంతో ఆడడం అతడు గమనించాడు. ఆ ఘట్టం కొన్ని క్షణాలలో ముగిసిపోతుంది. అందువల్ల ఒకే రికార్డుకు రెండు ప్రతులు తీసుకొని, రెండు టర్న్‌టేబుళ్లమీద ఉంచి, ఒకదానిపై ఆ ఘట్టం ముగియగానే రెండవదానిపై మళ్లీ మొదటినుండి వినిపించేవాడు. క్షణాల పాట నిమిషాలకొద్దీ సాగేది. హిప్‌హాప్ అన్న సంగీతానికి ఆ వేడుకనే పుట్టినరోజుగా నేడు చాలామంది లెక్కిస్తున్నారు.

అతని వెనుక వచ్చిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అసలు పేరు జోసెఫ్ శాడ్లర్. వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ నేర్చుకొన్నవాడు కావడంవల్ల అతడు టర్న్‌టేబుల్‌ను విప్పి చూడగలిగాడు. ఏ మోటారుకు ఎంత బలమున్నదో, చేతితో ఆపి వదిలిన రికార్డు ఎంతసేపటికి మళ్లీ వేగం అందుకొంటుందో పరీక్షించాడు. పళ్లెంమీద ఉండే రబ్బరు చాపకు బదులు జారుడుగా ఉండే గుడ్డను పరిచాడు. తల్లి కుట్టుపనిలో నిపుణురాలు. గుడ్డను గూర్చిన తెలివి ఇంటినుండే వచ్చింది. రికార్డుమీద రంగు పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఎక్కడ ఘట్టం మొదలవుతుందో కంటితో చూసి పట్టుకొనేవాడు. అతని చెంత పనినేర్చిన బాలుడు థియోడోర్. 1975 ప్రాంతంలో ఒకనాడు ఇంట్లో పెద్దగా పాటలు పెట్టుకొని ఉండగా తల్లి వచ్చి కేకలు వేసిందనీ, ఆమె మాట వినడానికి అతడు తిరుగుతున్న రికార్డును చేతితో పట్టి ఆపాడనీ, ఆ పట్టులో చెయ్యి ముందుకూ వెనుకకూ కదిలి ఒక కొత్త ధ్వని పుట్టిందనీ చెబుతారు. అదే నేడు స్క్రాచ్ అనబడే ప్రక్రియ. చాలా విద్యల పుట్టుకలో తల్లి తిట్లకు కొంత భాగం ఉంటుంది కాబోలు!

పాటను వినడానికి చేసిన యంత్రం పాటను వాయించే వాద్యమయింది. ఆ వాద్యానికి కావలసిన లక్షణాలేమిటి? మీటనొక్కగానే వేగం అందుకోవాలి. చేతితో వెనుకకు లాగినా, ఆపినా మోటారుకు నష్టం ఉండరాదు. పెద్ద ధ్వనిపెట్టెల పక్కన ఉంచినా అదురుకు సూది ఎగరరాదు. పట్టీతో తిరిగే యంత్రం వీటికి తట్టుకోలేదు. వెనుకకు లాగితే పట్టీ జారుతుంది, కొన్నాళ్లకు సాగిపోతుంది. ఇరుసుమీదనే పళ్లెం తిరిగే ఎస్.ఎల్.-1200 తట్టుకొంది. అది సంస్థ ఊహించని గిరాకీ. నాట్యశాలలవారి అవసరాలను తెలుసుకొని ఇంజనీర్లు యంత్రాన్ని సవరించారు. 1979లో వచ్చిన ఆ సవరణరూపమే ఎం.కె.2. మీటనొక్కిన 0.7 సెకన్లలో పళ్లెం పూర్తివేగాన్ని అందుకొంటుంది. క్వార్ట్జ్ స్ఫటికపు కంపనాలను ఆధారంగా చేసుకొని మోటారు తన వేగాన్ని తానే సరిదిద్దుకొంటుంది. అడుగున బరువైన రబ్బరు దిమ్మె అదురును మింగుతుంది. కుడివైపున పైకీ కిందికీ జరిపే ఒక మీట ఉంటుంది. దానితో వేగాన్ని నూటికి ఎనిమిది వంతుల వరకు పెంచవచ్చు, అంతే తగ్గించవచ్చు.

ఈ చిన్నమీటలోనే డీజే విద్యలో సగం దాగి ఉంది. నిమిషానికి ముప్పై మూడూ ఒకటి బై మూడు చుట్లు తిరిగే రికార్డు ఒక్క చుట్టుకు 1.8 సెకన్లు తీసుకొంటుంది. నిమిషానికి నూరు దెబ్బల లయ గల పాటలో ఒక్క చుట్టుకు సరిగ్గా మూడు దెబ్బలు పడతాయి. ఇప్పుడు మోగుతున్న పాట లయ నిమిషానికి 120, తరువాత రావలసిన పాట లయ 125 అనుకొంటే, రెండూ ఒకటిగా నడవాలంటే రెండవదాని వేగాన్ని నూటికి నాలుగు వంతులు తగ్గించాలి. డీజే ఒక చెవితో సభలో మోగే పాటను, మరొక చెవికి ఆనించిన హెడ్‌ఫోనులో రాబోయే పాటను వింటూ, మీటను జరుపుతూ, పళ్లెం అంచును వేలికొనతో తాకుతూ రెండింటినీ కలుపుతాడు. అయితే ఈ కలయికకు ఒక మూల్యం ఉంది. వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. నూటికి ఆరు వంతులు వేగం పెంచితే పాట ఇంచుమించు అరస్వరం పైకి పోతుంది. హార్మోనియం భాషలో చెప్పాలంటే ఒకటి శ్రుతి పాట ఒకటిన్నర శ్రుతికి చేరుతుంది. లయ కలిసినంత మాత్రాన పాట కలవదని డీజే తన చెవితోనే నేర్చుకోవాలి.

2000 తరువాత కాలం మారింది. 2001లో పయొనీర్ సంస్థ విడుదల చేసిన సి.డి.జె.-1000 సి.డి.ని కూడా రికార్డులాగా చేతితో ముందుకూ వెనుకకూ కదిపే వీలు కల్పించింది. 2004లో సెరాటో స్క్రాచ్ లైవ్ అన్న సాఫ్ట్‌వేర్ వచ్చింది. పాటకు బదులు ఒక సంకేతధ్వనిని ముద్రించిన ప్రత్యేకమైన రికార్డును టర్న్‌టేబుల్‌మీద పెడితే, ఆ సంకేతాన్నిబట్టి కంప్యూటరులోని పాట చేతి కదలికకు లోబడి కదులుతుంది. వెయ్యి రికార్డుల పెట్టెలు మోసే పని తప్పింది. పాత యంత్రానికి ఇది ఒకవిధంగా ఆయుర్దాయం. అయినా అమ్మకాలు తగ్గుతూనే పోయాయి. గిరాకీ క్షీణించిందనీ, విడిభాగాలు దొరకడం కష్టంగా ఉన్నదనీ చెప్పి 2010లో సంస్థ తయారీని నిలిపివేసింది. అప్పటికి ఈ వరుస యంత్రాలు ముప్పై అయిదు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. తయారీ ఆగిన తరువాత వాడిన యంత్రాలకే గిరాకీ పెరిగింది. రికార్డులు మళ్లీ అమ్ముడుపోవడం మొదలైంది. సంస్థ మనసు మార్చుకొని 2016లో ఎస్.ఎల్.-1200 పేరుతోనే కొత్త యంత్రాన్ని విడుదల చేసింది. ఆ బాధ్యతను నిర్వహించిన మిచికో ఒగావా స్వయంగా జాజ్ పియానో కళాకారిణి. కాని ఆ కొత్త యంత్రం ఖరీదు దాదాపు నాలుగువేల డాలర్లు. దశాబ్దాలపాటు ఆ పేరును నిలబెట్టిన డీజేలకు అది అందని ద్రాక్ష. సంపన్నులైన శ్రోతల కోసం చేసిన అలంకారవస్తువు అని వారు కోపగించుకొన్నారు. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. 2019లో ఎం.కె.7 పేరుతో, సుమారు వెయ్యి డాలర్ల పైచిలుకు ధరకు, డీజేల కోసమే మరొక రూపం వచ్చింది. పళ్లెం వెనుకకు తిరిగే సౌకర్యం, 78 చుట్ల వేగం, తీసి మార్చుకొనే వీలున్న తీగలు దానిలోని కొత్తదనాలు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావచ్చు. ఎం.కె.7 ఒక్కటి కొంటే డీజే విద్యకు చాలదు, రెండు కావాలి. అమెరికా ధరలనే రూపాయలలోకి మార్చినా రెండింటికి లక్షన్నర దాటుతుంది. మిక్సరు, సూదితో కూడిన కార్ట్రిడ్జులు, హెడ్‌ఫోను, రికార్డులు వేరు. దిగుమతి సుంకం, రవాణా వేరు. ఇంటర్మీడియట్ చదివే కొడుకు డీజే కావాలని కోరితే, జీతంమీద బ్రతికే తండ్రి ఇంత సొమ్మును ఒక్క అభిరుచికి ఎందుకు పెట్టాలి? కంప్యూటరుకు తగిలించుకొనే చిన్న కంట్రోలరు ఒక్క టర్న్‌టేబుల్ ధరలో మూడోవంతుకు అటూ ఇటుగా దొరుకుతుంది. అందులో రెండు పళ్లేలూ మిక్సరూ కలిసే ఉంటాయి. వేడుకలలో పాటలు వినిపించి నాలుగు రూపాయలు సంపాదించుకోదలచిన వానికి ఆ చిన్న పరికరమే సరియైన ఆరంభం. పన్నెండు కిలోల దాకా బరువుండే యంత్రాలను రెండింటిని బస్సులో వేసుకొని ఊరూరా తిరగడం ఎవరికీ సాధ్యం కాదు. పెళ్లివారు అడిగే పాటలన్నీ రికార్డుల రూపంలో దొరకవు కూడా. ఈ యంత్రాన్ని ప్రేమించేవారు ఈ మాటను ఒప్పుకోవడానికి మొహమాటపడుతుంటారు. అది తగదు. అప్పుచేసి కొనవలసిన వస్తువు కాదిది.

ఈ యంత్రాన్ని సమర్థించడానికి చెప్పే కారణాలలో బలహీనమైనది ‘రికార్డులో ధ్వని గొప్పగా ఉంటుంది’ అన్న వాదన. రికార్డు ధ్వనికి ఒక సొగసు ఉన్నమాట నిజమే. కాని ఆ సొగసులో పరిమితులు కూడా కలిసే ఉంటాయి. మంద్రధ్వనులను యథాతథంగా గాడిలో చెక్కితే గాడి మరీ వెడల్పై పాట నిడివి తగ్గిపోతుంది. సూది నిలవడమూ కష్టమే. అందుచేత చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, వినిపించేటప్పుడు మళ్లీ పెంచుతారు. ఆ పెంచే పని చేసే ఫోనో విభాగం ఎం.కె.2లోగాని ఎం.కె.7లోగాని లేదు, దానిని యాంప్లిఫయరులోనో మిక్సరులోనో చూసుకోవాలి. తెలియక నేరుగా తగిలించినవారు పాట సన్నగా, పీలగా వినబడుతున్నదని యంత్రాన్ని నిందిస్తారు. గాడి అరుగుతుంది, దుమ్ము పడుతుంది, చిటచిటలు వస్తాయి. కొలతల దృష్టితో చూస్తే సి.డి.యే నిర్దుష్టం. అయినా 2022లో అమెరికాలో సి.డి.లు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడుపోగా రికార్డులు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడుపోయాయి. 1987 తరువాత రికార్డుల సంఖ్య సి.డి.లను దాటడం అదే మొదటిసారి. కొన్నవారందరూ ధ్వనిని కొలిచి కొన్నారనుకోవడం అమాయకత్వం. పెద్ద అట్టమీది బొమ్మను చూడడం, రికార్డును ఒరనుండి తీయడం, ఇరవై నిమిషాలకు లేచి రెండవవైపు తిప్పడం, వీటన్నింటిలో ఒక శ్రద్ధ ఉన్నది. ఆ శ్రద్ధకు వారు డబ్బు చెల్లించారు.

రికార్డుల పునరుజ్జీవనం ఎంత బలమైనదో అంత సున్నితమైనది కూడా. స్క్రాచ్ కళాకారులకు అభిమానపాత్రమైన ఎం.44-7 కార్ట్రిడ్జును తయారుచేసిన ష్యూర్ సంస్థ 2018లో ఆ వ్యాపారంనుండే తప్పుకొంది. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్ కర్మాగారం అగ్నికి ఆహుతైంది. రికార్డు ముద్రణకు మొట్టమొదట చెక్కవలసిన లక్కపూత పళ్లేలను చేసే కర్మాగారాలు ప్రపంచంలో అప్పటికి రెండే; అందులో ఒకటి అది. రెండవది జపాన్‌లో ఉంది. యంత్రం ఎంత దృఢమైనా దానిమీద పెట్టే వస్తువు, దానిని తాకే సూది ఇతరుల చేతులలో ఉన్నాయి. కొనేవాడు ఈ సంగతి తెలిసి కొనాలి.

ఇంత చెప్పిన తరువాత కూడా ఈ యంత్రం కొనదగినదేనా? కొందరికి కొనదగినదే. టర్న్‌టేబుల్‌ను వాద్యంగా సాధన చేయదలచినవానికి దీనికి సాటి రాగలవి అరుదు. మృదంగం నేర్చుకొనే విద్యార్థికి తాళం వేసిపెట్టే ఎలక్ట్రానిక్ పెట్టెలు నేడు ఉన్నాయి. ఏ గురువూ వాటిని నేరమనడు. కాని చేతితో తాళం వేయడం రాని శిష్యునికి ఆ పెట్టెను మాత్రమే ఇచ్చి ఊరుకోడు. కంప్యూటరు పరికరాలలో సింక్ అన్న మీట ఉంటుంది. దానిని నొక్కితే రెండు పాటల లయలు వాటంతట అవే కలుస్తాయి. ఆ మీటను వాడేవారిని తక్కువచేసి చూడడం పాతకాలపు డీజేలలో కొందరికి అలవాటు. ఆ చిన్నచూపు అనవసరం. పాటల ఎంపిక, సభ మనసెరగడం, ఏ పాట తరువాత ఏది అన్న వివేచన ఏ మీటా చేసిపెట్టదు. సింక్ వాడేవాడు తన దృష్టిని వాటిమీద నిలుపవచ్చు. అయితే విద్యుత్తు పరికరం తప్పు లెక్క కట్టిననాడు, సజీవ వాద్యబృందపు పాత రికార్డింగులో లయ కొంచెం అటూ ఇటూ ఊగిననాడు, చెవి శిక్షణ పొందినవాడే గట్టెక్కుతాడు. టర్న్‌టేబుల్ ఆ శిక్షణను తప్పించుకొనే దారి ఇవ్వదు. లయ తప్పితే మరుక్షణం వినబడుతుంది. తెరమీద అంకెలు ఉండవు, రంగుల గీతలు ఉండవు. నాలుగైదు నెలలు తప్పులతో సహవాసం చేయక తప్పదు. ఆ ఓపిక లేనివానికి ఈ యంత్రం ఖరీదైన బల్ల మాత్రమే.

ఇంట్లో పాత రికార్డులున్నవారి సంగతి వేరు. తెలుగువారి ఇళ్లలో తాతల కాలపు పెట్టెల అడుగున రికార్డులు ఇప్పటికీ బయటపడుతుంటాయి. వాటిని వినాలన్న కోరికతో ఎవరో చెప్పిన మాటవిని ఎం.కె.2 కొన్నవానికి ఆశాభంగం తప్పకపోవచ్చు. ఎందుకంటే పెళుసుగా, బరువుగా, తలుపు చెక్కలా ఉండే పాత లక్క రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరగవలసినవి. ఎం.కె.2లో ఉన్న వేగాలు రెండే: ఎల్.పి.ల వేగం, 45 చుట్ల వేగం. ఎం.కె.7లో 78 చుట్ల వేగం ఉన్నది కాని, దానికి కూడా సాధారణపు సూది పనికిరాదు. లక్క రికార్డు గాడి వెడల్పు ఎక్కువ, అందులో ఎల్.పి. సూది అడుగున పొర్లాడి గరగరమంటుంది. దానికి వెడల్పైన మొనగల సూదిని వేరుగా కొనుక్కోవాలి. పెట్టెలోవి ఎల్.పి.లు అయితే మాత్రం చింత లేదు. ఘంటసాల గానం చేసిన భగవద్గీత ఎల్.పి. ఇంట్లో ఉండి, దానిని వినడం ఒక్కటే కోరిక అయితే అందుకు డీజే యంత్రమే అక్కరలేదు. దానిలో నాలుగోవంతు ధరగల పట్టీ యంత్రం చాలు.

ధర ఎక్కువన్నమాటకు మరొక పార్శ్వం ఉంది. ‘ఏనుగు బ్రతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే’ అన్న నానుడి యంత్రాలలో దేనికైనా వర్తిస్తే అది దీనికి వర్తిస్తుంది. ముప్పై ఏళ్లనాటి ఎం.కె.2 నేటికీ మంచి ధర పలుకుతుంది. కారణం దాని నిర్మాణంలో ఉంది. అరిగిపోయే పట్టీ లేదు. పళ్లెం అడుగున బిగించిన అయస్కాంతమే మోటారులో తిరిగే భాగం. కదిలే అంగాలు అతి తక్కువ. చెడిపోయేవి సాధారణంగా చిన్నచిన్నవి: సంకేతాన్ని మోసే తీగలు, వేగపు మీట, చిన్న దీపాలు. మంచి ఎలక్ట్రానిక్స్ పనివాడు మరలు విప్పి బాగుచేయగలడు. నాలుగేళ్లకు విలువ సున్నా అయ్యే పరికరాన్ని తక్కువ ధరకు కొనడమూ, ఇరవై ఏళ్లు వాడి కొన్న ధరకు దగ్గరగా అమ్ముకోగలిగిన పరికరాన్ని ఎక్కువ ధరకు కొనడమూ పక్కపక్కన పెట్టి లెక్కవేస్తే ఏది ఆదా అన్నది అంత తేలికగా తేలదు. కాని ఆ లెక్క చేతిలో సొమ్ము ఉన్నవాని లెక్క. ఇరవై ఏళ్ల ఆదాకోసం ఈ నెల కళాశాల రుసుము ఆపుకోమనడం ఎవరికీ చెప్పదగిన సలహా కాదు. అందుచేత విద్యార్థికి అనువైన మార్గం ముందు కంట్రోలరుతో రెండేళ్లు గడపడం. చెవికి రుచి తగిలి, చెయ్యి ఆగలేకపోతే అప్పుడు వాడిన యంత్రాన్ని ఒక్కదానిని వెదకడం. స్క్రాచ్ సాధనకు ఆరంభంలో ఒక్కటే చాలు.

వాడిన యంత్రాన్ని వెదికేవాడు మొదట చూడవలసినది వెనుకవైపు చీటీ. జపాన్ ప్రజల వాడుకకోసం చేసినవి 100 వోల్టుల విద్యుత్తుమీద, అమెరికాకోసం చేసినవి 120 వోల్టులమీద పనిచేస్తాయి. ఇక్కడి ఇళ్లలో వచ్చేది 230 వోల్టులు. తగిన ట్రాన్స్‌ఫార్మరు లేకుండా తగిలిస్తే ముప్పై ఏళ్లు చెక్కుచెదరని యంత్రం ఒక్క క్షణంలో కాలిపోవచ్చు. తరువాత సూదిని మోసే చెయ్యిని వేళ్లతో సున్నితంగా పట్టి కదిపి చూడాలి. మొదలులో లొడలొడ ఉంటే అది ఎన్నో రాత్రులు నాట్యశాలలో మొరటు చేతులలో పడిందన్నమాట. అటువంటిదానిని వదిలేయడం మంచిది. వేగపు మీటను కొస నుండి కొసకు మెల్లగా జరిపినప్పుడు పాట వేగం మెట్లుమెట్లుగా కాక జారుడుగా మారాలి.

ఆఖరి పరీక్ష యంత్రమే చేసి చూపుతుంది. పళ్లెం అంచు చుట్టూ నాలుగు వరుసలలో చుక్కలు చెక్కి ఉంటాయి. పక్కనున్న చిన్న స్తంభంలోని ఎర్రని దీపం ఆ చుక్కలపై కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతూ ఉంటుంది. పళ్లెం సరియైన వేగంతో తిరుగుతున్నప్పుడు పెద్దచుక్కల వరుస కదలక నిలిచి ఉన్నట్లు కనబడుతుంది. వేగం పెరిగితే చుక్కలు ఒకవైపుకు, తగ్గితే రెండవవైపుకు పాకుతాయి. అమ్మేవాని మాటలు పక్కన పెట్టి, మీటను మధ్యకు తెచ్చి, పళ్లేన్ని పది నిమిషాలు తిరగనిచ్చి ఆ చుక్కలనే చూడాలి. అవి నిలిచి ఉంటే బేరం మొదలుపెట్టవచ్చు.